దంతెల కింద కుర్మయ్య

లాల్‌గడి మలక్‌పేట కుర్మయ్య ఇళ్ళు కట్టినవాడు కాదు, కూల్చినవాడూ కాదు. పాత ఇంటికి కొత్త గది కలపాలని ఎవరైనా అనుకుంటే, కప్పును మోస్తున్న గోడను తీసి దాని చోట ఇనుప గడ్డరు ఎక్కించాలి. గోడ పోయి గడ్డరు వచ్చేదాకా ఆ కప్పును గుంజల మీద నిలబెట్టి ఉంచడం అతని పని. ఆ గుంజలను పోట్లు అంటారు గనుక అతన్ని పోట్ల కుర్మయ్య అన్నారు. తాపీవాడు తన గోడను చూపించుకోగలడు, వడ్రంగి తన తలుపును చూపించుకోగలడు. కుర్మయ్యకు చూపించుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. గుంజలు బండిలో వేసుకుని వెళ్ళిపోయిన నాలుగు రోజులకు ఆ ఇంటివాళ్ళు అతన్ని మరచిపోయేవారు. అందులో తప్పేమీ ఉన్నట్టు అతనికి తోచలేదు.

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. 1990 వానాకాలంలో అతని వాడలోనే యాదవ్వ అనే ముసలామె ఇంటి మట్టిగోడ ఒక పక్క నాని జారింది. గోడ మీద ఆనిన దూలం కొస ఒక్కసారిగా జానెడు దిగింది. కుర్మయ్యకు అప్పుడు ముప్ఫయ్యేళ్ళు. శామీర్‌పేట చెరువు నుంచి తడిసిన వల భుజాన వేసుకుని వస్తున్నాడు. వల అక్కడే పడేసి, లోపలికి దూరి, వల మోసిన భుజాన్నే దూలం కింద పెట్టాడు. ముసలామె మాత్రం కదల్లేదు.

"అవ్వా, బయటికి నడువ్!"

"నా కోడి పొదుగుల ఉన్నది బిడ్డా. పన్నెండు గుడ్లు. గంప యాడనో కనబడ్తలేదు."

"నీ కోడి సల్లగుండ, ఈడ నేను సస్తున్న!"

"జెర ఓపిక పట్టు. మొగోనివి గాదా!"

ఆమె గంప వెతుక్కుని బయటపడేసరికి కుర్మయ్య పాదాలు తడిమట్టిలో చీలమండల దాకా దిగాయి. అంతలో ఇద్దరు మనుషులు ఒక తుమ్మమొద్దు తెచ్చి అతని పక్కనే దూలం కింద నిలబెట్టారు. మొద్దు మొదట్లో రాళ్ళు దోపి బిగించారు. అప్పుడు జరిగినదాన్ని అతను బతికినన్నాళ్ళూ తలచుకున్నాడు. ఎవరూ దేన్నీ ఎత్తలేదు. దూలం వెంట్రుకవాసి అయినా పైకి లేవలేదు. భుజం దూలానికి తగిలే ఉంది. అయినా బరువు పోయింది. దించుకున్నట్టు కాదు, మరొకరు అందుకున్నట్టూ కాదు. ఒక్క క్షణం కిందట తన వెన్నెముకలోంచి నేలకు దిగుతున్నది ఇప్పుడు పక్కనున్న కట్టెలోంచి దిగుతోంది, అంతే. మనిషి ఎముకకూ తుమ్మకట్టెకూ మధ్య అది ఏ తేడా చూడలేదు. దానికి దారి చూపినవారు లేరు. గట్టిగా ఉన్నదెక్కడో వెతుక్కుని తనంతట తాను వెళ్ళిపోయింది.

కంటికి కనబడని ఒకటి, ఎప్పుడూ కిందికే పోయేది, ఇంట్లో ప్రతి గోడలోనూ ప్రతి కట్టెలోనూ రేయింబవళ్ళు నడుస్తూ ఉంటుందని ఆ రోజు అతనికి తెలిసింది. ఇంట్లో పడుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే నిద్ర పట్టదు కాబోలు అనుకున్నాడు.

తొంభైల నడుమ మేడ్చల్ రోడ్డుకు అటూ ఇటూ పొలాలు ప్లాట్లయ్యాయి. దూలపల్లిలో, కౌకూరులో కొత్త కాలనీలు వెలిశాయి. పెంకుటిళ్ళున్న ఊరివాళ్ళు కూడా వెనక ఒక గది, ముందు ఒక వరండా కలుపుకోవడం మొదలుపెట్టారు. కుర్మయ్యకు పని దొరికింది. భార్య జంగమ్మ అతని జోడు. గుంజ కింద దోపడానికి ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా చెక్కిన కొయ్యముక్కలుంటాయి, వాటిని పచ్చర్లంటారు. పచ్చర్లను కొయ్యసుత్తెతో కొట్టి బిగించేది జంగమ్మే. కుర్మయ్య గుంజను రెండు చేతులా పట్టుకుని వినేవాడు.

వినడమే అతని విద్య. బరువెక్కని గుంజను కొడితే అది మందంగా పలుకుతుంది. బరువు దిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. పట్టవలసినంత పట్టినప్పుడు ఒక్కసారి కంచులా మోగుతుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్క దెబ్బ వేస్తే గుంజ కప్పును మోయడం మాని ఎత్తడం మొదలుపెడుతుంది. ఎత్తిన చోట పెంకులు పగులుతాయి, దూరాన ఎక్కడో గోడ చీలుతుంది. "ఎత్తుడు మన పని గాదు, పట్టుకునుడే" అని జంగమ్మకు మొదట్లో పదే పదే చెప్పేవాడు. ఆమె కొన్నాళ్ళకు విసుగెత్తి, "ఆ మాట గా గుంజకు చెప్పు, నాకెందుకు!" అనేది.

ఆరేడేళ్ళలో నూటికి పైగా కప్పులు అతని గుంజల మీద నిలిచాయి. ఒక్క పెంకూ జారలేదు.

2001లో అతని చెవులకు చీము పట్టింది. మొదట కుడిది, తరువాత ఎడమది. మేడ్చల్‌లో చూపిస్తే చెవి తెరలకు చిల్లులు పడ్డాయన్నారు. మందులకు చీము ఆగింది గాని వినికిడి తిరిగి రాలేదు. కొద్ది వారాల్లోనే, జంగమ్మ చెవికి నోరు ఆనించి చెబితే తప్ప మాట అందని స్థితికి వచ్చాడు. ఈ సంగతి ఊళ్ళో కొందరికి తెలుసు. పని ఇచ్చేవాళ్ళకు తెలియదు. పెదవుల కదలిక చూసి సగం, జంగమ్మ సైగ చూసి సగం గ్రహించి, మిగతాదానికి తలూపేవాడు. ఆ తరువాత రెండేళ్ళు చిన్న చిన్న పనులు చేతి స్పర్శతో నెట్టుకొచ్చాడు. పెద్ద కప్పు మాత్రం ఒప్పుకోలేదు.

"నీకు వినబడ్తది గద, నువ్వే చెప్పు" అన్నాడొకసారి భార్యతో.

"నాకు అన్నీ ఒక్క లెక్కనే ఇనబడ్తయ్. కట్టెల మాటలు నాకు రావు" అంది జంగమ్మ. ఆమె నిజమే చెప్పింది. ముప్ఫై గుంజలు పక్కపక్కన మోగినా ఆమెకు వాటి తేడా అందేది కాదు.

2003 మార్చిలో దూలపల్లి నుంచి కబురు వచ్చింది. పిలిచినవాడు వెంకటేశ్వరరావు. గోదావరి లంకల నుంచి వచ్చి, ఒక కర్మాగారంలో స్టోర్సు ఆఫీసరుగా పనిచేస్తున్నాడు. కాలనీ అంచున ఒక రైతు కుటుంబం వదిలివెళ్ళిన పాత పెంకుటిల్లు కొన్నాడు. రెండడుగుల మందం మట్టిగోడలు ఎండాకాలం చల్లగా ఉంటాయని దాన్ని పడగొట్టకుండా ఉంచుకున్నాడు. అతని భార్య పార్వతీదేవి కాలనీ పిల్లలకు చదువు చెబుతుంది. ముప్ఫైమంది పిల్లలు కూర్చోవడానికి ముందు గది చాలడం లేదు. అందుకని వెనక కొత్త గది లేపి, నడుమ గోడను తొమ్మిదడుగుల మేర తీసేసి, రెండూ ఒకటే హాలుగా చేయాలనుకున్నారు.

తీయవలసిన గోడ మామూలుది కాదు. గదికి అడ్డంగా పరిచిన టేకు దంతెలు ఏడు, వాటి కొసలు ఆ గోడ మీదే ఆనాయి. దంతెల మీద అటక పలకలు. దంతెల కొసల మీద పొడవాటి పట్టె, ఆ పట్టె మీద వాసాల కాళ్ళు, వాసాల మీద పెంకులు. సగం ఇంటి బరువు ఆ గోడలోకి దిగుతోంది.

కుర్మయ్య ఆ పని వద్దనుకున్నాడు. "పోయి చూసి, మాతోని గాదని చెప్పి వద్దాం" అన్నాడు. జంగమ్మ సరేనంది. అయినా గుంజలు ట్రాలీలో ఎక్కించారు. ఉత్త చేతులతో వెళ్ళడం వాళ్ళకు అలవాటు లేదు.

వెళ్ళేసరికి గోడ పైభాగం అప్పటికే తీసేసి ఉంది. మేస్త్రీ పరమేశ్ తన ముగ్గురు మనుషులతో నిన్న సాయంత్రమే మొదలుపెట్టాడు. రెండు దంతెల కొసల కింద మూడడుగుల సందు. ఆ కొసల కింద ఏమీ లేదు. అవి గాలిలో ఉన్నాయి.

కుర్మయ్య గడపలోనే ఆగిపోయాడు.

"ఎవరు తీయమన్నరు?" అని అడిగాడు.

"సారే తియ్యమన్నడు" అన్నాడు పరమేశ్. "నేను కుర్మన్న రానీ అన్న. సారు ఇనలే."

వెంకటేశ్వరరావు నవ్వుతూ వచ్చాడు. "ఏం ఫర్వాలేదు కుర్మయ్యా, స్తంభాలున్నాయిగా గోడలో! మా లంకల్లో వరదొచ్చిందంటే గోడలన్నీ కరిగిపోయేవి. ఇల్లు మాత్రం స్తంభాల మీద అలాగే నిలబడేది. నీళ్ళు తీశాక మా నాన్నగారు కొత్త గోడ పెట్టించేవారు. చిన్నప్పుడు ఆ స్తంభాల మధ్య నుంచే మేం ఇంట్లోకీ బయటకీ పరిగెత్తేవాళ్ళం."

జంగమ్మ ఆ మాటలన్నీ భర్త చెవిలో అప్పగించింది. దూరం నుంచి చూసేవాళ్ళకు భార్యాభర్తలు ఏదో లోపాయికారీగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. కుర్మయ్య గోడలోంచి పైకి కనబడుతున్న రెండు నిలువు కట్టెల దగ్గరకు వెళ్ళి తడిమాడు. ఒకదానికి పాత కీలు మచ్చ ఉంది.

"సారూ, గివి స్తంభాలు గావు. ఒకప్పుడు ఈడ దర్వాజ ఉండె. దాన్ని ఇటుకవెట్టి మూసిన్రు. చౌకట్టు గోడల్నే మిగిలింది. మీ దిక్కు ఇంటిని కట్టె మోస్తది, గోడ పర్ద లెక్క ఉంటది. మా దిక్కు గోడే మోస్తది. గోడ దీస్తే ఇల్లు దీసినట్టే."

వెంకటేశ్వరరావు ముఖంలో నవ్వు కాస్త కాస్తగా చెరిగిపోయింది. నలభై ఏళ్ళుగా మనసులో ఉన్న ఇంటి బొమ్మ ఒకటి తప్పని తెలిసి, అతను ఆ చౌకట్టు కట్టెను తాను కూడా ఒకసారి తడిమి చూశాడు. "మరి... ఇది రాత్రంతా ఎలా నిలబడిందయ్యా?" అన్నాడు చివరికి.

కుర్మయ్య సందు కిందికి వెళ్ళి తల పైకెత్తి చూశాడు. అతని మనసులోని ప్రశ్నా అదే. చూడగా చూడగా జవాబు కనబడింది. దంతెల కొసల మీది పట్టె రెండు వేళ్ళ మందం కిందికి వంగి ఉంది. ఆధారం పోయిన రెండు దంతెల బరువు ఆ పట్టె పట్టుకుని అటూ ఇటూ ఉన్న దంతెల మీదికి నడిచిపోయింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా, ఇల్లు రాత్రంతా తన బరువును తానే పంచుకుని నిలబడింది. ముప్ఫయ్యేళ్ళప్పుడు భుజం మీద కలిగిన గగుర్పాటు మళ్ళీ కలిగింది. దేవుడి ఎదుట నిలబడినవాడిలా అతను ఆ వంగిన పట్టెను చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే పట్టె కిర్రుమంది. పొడవుగా, చెట్టు కూలేముందు అరిచినట్టు అరిచింది. పైనుంచి మట్టి రాలింది. పరమేశ్ మనుషులు తట్టలు పడేసి పరుగెత్తారు. వెంకటేశ్వరరావు వాకిట్లోకి దూకాడు. వంటింట్లోంచి పార్వతీదేవి కేక వేసింది.

కుర్మయ్య కదల్లేదు. తల పైకెత్తి అలాగే చూస్తున్నాడు. జంగమ్మ వచ్చి చొక్కా పట్టి లాగితే గాని వెనక్కి తిరగలేదు. తిరిగి చూస్తే వాకిట్లో అందరూ తనవైపు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"అబ్బ! గుండెనా అది, బండరాయా!" అన్నాడు పరమేశ్.

"కనురెప్ప వేయలేదండీ మనిషి" అన్నాడు వెంకటేశ్వరరావు భార్యతో.

జంగమ్మ భర్తను ట్రాలీ చాటుకు లాక్కుపోయింది. చెవికి నోరు ఆనించి చెప్పింది. "అరిసింది. గంత పెద్దగ అరిసింది."

కుర్మయ్య మొహం పాలిపోయింది. "నాకు ఇనబళ్ళే."

"నాకెర్కనే. ఇగ పోదాం పా. చెవులు లేవని చెప్పి పోదాం. ఇందుల సిగ్గేంది?"

అతను ట్రాలీలోని గుంజలవైపు చూశాడు. వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఆ కప్పు ఈ పూటో రేపో పరమేశ్ మనుషుల మీద కూలుతుంది. ఉండి గుంజలు పెడితే, ఏ గుంజ మోస్తోందో ఏది మోస్తున్నట్టు నటిస్తోందో తనకు తెలియదు. తెలియకుండానే గోడ తీయమని తాను సైగ చేయాలి. ఆ సైగను నమ్మి నలుగురు మనుషులు కప్పు కిందికి వెళ్తారు. ఆ తరువాత ముప్ఫైమంది పిల్లలు చాపలు పరుచుకుంటారు. వెళ్ళడం తప్పు, ఉండటం మోసం.

"ముందుగాల కప్పును పట్టుకుందాం" అన్నాడు. "గోడ దీసుడు సంగతి తర్వాత. తెల్వకుంట తియ్యమని మాత్రం చెప్ప."

వాళ్ళు గోడకు మూరెడు ఇవతల దంతెల కింద అడ్డంగా ఒక దూలం ఎత్తి పట్టారు. దాని కింద ఐదు గుంజలు నిలబెట్టారు. ఒక్కొక్క గుంజ కింద చెక్కపలక, పలక మీద జంట పచ్చర్లు. జంగమ్మ సుత్తె పట్టింది. మొదటి గుంజను కుర్మయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతుల్లో ఏదో వణికింది గాని అది చాలదు. చేతులు అబద్ధం చెప్పవు; అలాగని నిజమంతా చెప్పవు. రెండోదీ అంతే.

మూడో గుంజ దగ్గర మిగిలిన పచ్చరును ఎప్పటిలాగే పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. రెండు చేతులూ గుంజకు కావాలి గనుక అది అతని పాత అలవాటు. గుంజ కాస్త ఒరగబోతే మొహం దగ్గరగా ఆనించాడు. పళ్ళలోని పచ్చరు కొస గుంజకు తగిలింది. సరిగ్గా అప్పుడే జంగమ్మ కింద దెబ్బ వేసింది.

అతని తల లోపల ఒక గంట మోగింది.

రెండేళ్ళుగా జంగమ్మ మాట తప్ప ఏదీ అందని తలలోకి వచ్చిన మొదటి ధ్వని అది. చెవిలోంచి రాలేదు. దవడలోంచి, పుర్రెలోంచి, ఎముక వెంట ఎక్కి వచ్చింది. అతను నిర్ఘాంతపోయాడు. జంగమ్మ మళ్ళీ కొట్టింది. మళ్ళీ మోగింది, ఈసారి ఒక మెట్టు పైన. చెవులు బాగున్న రోజుల్లో గాలిలోంచి విన్నది ఈ స్వరంలో ఒక నీడ మాత్రమేనని అతనికి అనిపించింది. ఇప్పుడు గుంజ వినబడుతోంది, గుంజ మీది దూలం వినబడుతోంది, దూలం మీద ఏడు దంతెలు ఒక్కొక్కటీ ఎంత ఆనిందో వినబడుతోంది. ఇంకా పైన ఎక్కడో పెంకుల మీద పిట్ట ఒకటి గంతులేస్తోంది; అది కూడా. బరువుకు కట్టే ఎముకా ఒకటేనని పదమూడేళ్ళ కిందట తెలిసింది. ధ్వనికీ అంతేనని ఇప్పుడు తెలిసింది. అతని కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఏందయ్యా, దెబ్బ తాకిందా?" అని జంగమ్మ సుత్తె ఆపింది.

అతను తల అడ్డంగా ఊపి, కొట్టమని చేత్తో చూపించాడు. కంచులా మోగగానే చెయ్యెత్తి ఆపాడు. తరువాత మొదటి గుంజకు వెళ్ళాడు. పచ్చరును పళ్ళతో పట్టి, కొస గుంజకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. మరొక్క దెబ్బ చాలింది. రెండోదానికి రెండు.

గడప దగ్గర నుంచి పరమేశ్ చూస్తున్నాడు. "కట్టెను కొరుకుతున్నవేందే కుర్మన్నా, ఆకలైతాందా?"

"నువ్వు గోడ దిన్నవ్ గద" అంది జంగమ్మ తలెత్తకుండానే. "గాయినకు కట్టె మిగిలింది."

నాలుగో గుంజ దగ్గర కుర్మయ్య కనుబొమలు ముడిపడ్డాయి. దెబ్బ వేసినప్పుడు స్వరం పైకి పోయింది. వేలు మడిచి లెక్కపెట్టేలోగా మళ్ళీ కిందికి జారింది. మళ్ళీ కొట్టించాడు. మళ్ళీ జారింది. పైకి చూస్తే గుంజ నిట్టనిలువుగా ఉంది, పచ్చర్లు బిగువుగా ఉన్నాయి, పలక కదల్లేదు. కంటికి ఏ తప్పూ లేదు. చేతికీ లేదు. ఎముకకు మాత్రం తెలుస్తోంది: ఈ గుంజ మెల్లగా దిగిపోతోంది.

"గడ్డపార తే" అన్నాడు.

గుంజ తప్పించి, దాని కింది షాబాదు బండను లేపారు. కింద మట్టి లేదు. బూడిద, ఊక, పగిలిన కుండపెంకులు. పరమేశ్ గడ్డపార దింపితే అది నడుం లోతుకు దిగిపోయింది.

"పాతర!" అన్నాడు పరమేశ్. పాత ఆసామి జొన్నలు దాచుకున్న గొయ్యి. ఎప్పుడో చెత్త పోసి పూడ్చి, పైన బండ పరిచారు. ఆ గొయ్యి మీద గుంజ పెట్టి గోడ తీసి ఉంటే, సగం తీసేసరికి బండ పగిలేది. గుంజ పాతరలోకి, కప్పు మనుషుల మీదికి పోయేవి.

పరమేశ్ ఇక ఎకసెక్కాలాడలేదు. ముక్కు మీది చెమట తుడుచుకుని, "బండ కింద ఏమున్నదో పళ్ళకెట్ల తెలుస్తదే?" అని మెల్లగా అడిగాడు. కుర్మయ్యకు వినబడలేదు. పాతరకు అటూ ఇటూ గట్టి నేల చూసి ఆ ఒక్క గుంజ చోట రెండు గుంజలు నిలబెట్టే పనిలో ఉన్నాడు. ఆ రెండూ, చివరి గుంజా కంచులా మోగిన తరువాతే గోడ తీయమని చెయ్యి ఊపాడు.

ఆ తరువాత అంతా మామూలు క్రమంలో సాగింది. గోడ పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా దిగింది. రెండు కొసలా ఇటుక దిమ్మెలు లేచాయి. వాటి మీద నల్లరాతి బండలు, బండల మీద గడ్డరు. గడ్డరుకూ దంతెలకూ నడుమ సన్నని టేకు పలక. దంతెల కొసలు పలక మీద ఆనేటట్టు రాతిచీలికలు దోపి సిమెంటు దట్టించారు. ఆ తొమ్మిదడుగుల ఖాళీలోంచి కొత్త గది వెలుతురు పాత గదిలోకి వచ్చింది. పైన పెంకులు ఒక్కటీ కదల్లేదు. సిమెంటు గట్టిపడటానికి పన్నెండు రోజులు ఆగారు.

పదమూడో రోజు పోట్లు విప్పడానికి కుర్మయ్య దంపతులు వచ్చారు. కప్పు ఇప్పుడు గుంజలను వదిలి గడ్డరు మీదికి పోవాలి. ఆ మార్పు ఎలా జరుగుతుందో కనిపెట్టవలసింది కుర్మయ్యే. వెంకటేశ్వరరావు ఆ రోజు సెలవు పెట్టాడు. పరమేశ్ మనుషుల ఎదుట అతను గట్టిగా, తృప్తిగా అన్నాడు: "ఆ రోజు అందరం ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తాం. ఈయనొక్కడే చలించలేదు. అలాంటి మనిషి కింద ఉంటే ఇంక కప్పుకి భయమేంటి!"

జంగమ్మ ఆ మాట భర్త చెవిలో వేసింది. వేసి, మరేమీ కలపకుండా, అతని మొహం చూస్తూ నిలబడింది.

కుర్మయ్య సుత్తె కింద పెట్టాడు.

"సారూ, గది ధైర్నం గాదు. నాకు చెవులు ఇనబడయ్. రెండేండ్లైతాంది. పట్టె అరిసింది నాకు ఎర్కలే. ఇనబడితే అందరికన్న ముందు నేనే ఉరుకుదును."

పరమేశ్ మనుషుల్లో ఒకడు మెల్లగా గడ్డరు కిందినుంచి పక్కకు జరిగాడు.

"ముందే చెప్పాల్సింది గదయ్యా" అన్నాడు వెంకటేశ్వరరావు. గొంతులో కోపం ఉంది, దానికంటే ఎక్కువగా దెబ్బతిన్న నమ్మకం ఉంది. "మా ఇంట్లో పిల్లలు కూర్చుంటారు."

ఆ మాటను జంగమ్మ అందించకముందే కుర్మయ్య పెదవుల్లో చదువుకున్నాడు. "గందుకే ఇప్పుడు చెప్తున్న. వద్దంటే పోట్లు గిట్లనే ఉంచి పోత. ఇంకెవలనన్న పిలిపియ్యున్రి."

"ఆగండి" అంది పార్వతీదేవి. ఆమె అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కుర్మయ్యకు ఎదురుగా వచ్చి, పాఠం చెప్పే టీచరులా ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "వినపడదన్నారు. మరి గొయ్యి ఉందని ఎలా తెలుసుకున్నారు?"

కుర్మయ్య పళ్ళ మీద వేలు పెట్టి, గుంజ చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. తన పచ్చరు ఇవ్వబోయి, ఎంగిలిదని వెనక్కి తీసుకున్నాడు. వాకిట్లోకి వెళ్ళి వేపకొమ్మ విరిచి, బెరడు గీసి, కడిగి తెచ్చి ఇచ్చాడు.

"గిట్ల పళ్ళల్ల పట్టున్రి అమ్మా. కొస గుంజకు ఆనియ్యున్రి. కండ్లు మూసుకోన్రి."

వెంకటేశ్వరరావు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే పుల్లను కొరికి గుంజకు మొహం ఆనించింది. జంగమ్మ సుత్తెతో గుంజను మెల్లగా తట్టింది.

పార్వతీదేవి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. గుంజనూ కప్పునూ ఒకదాని తరువాత ఒకటి చూసింది. మళ్ళీ తనే వెళ్ళి మొహం ఆనించింది. "ఇంకోసారి" అంది పుల్ల తీయకుండానే. మూడోసారి కూడా కొట్టించుకుంది. "నూతిలో చేద పడ్డట్టుందండీ" అంది భర్తతో, చాలా మెల్లగా. "ఎక్కడో లోతు నుంచి. పైన పెంకులు కూడా వినిపిస్తున్నాయి. మనం ఆరేళ్ళు దీని కింద పడుకున్నామా!"

వెంకటేశ్వరరావు భార్య మొహంలోకి చాలాసేపు చూశాడు. తరువాత పరమేశ్‌నూ అతని మనుషులనూ వాకిట్లోకి పంపేశాడు. తాను మాత్రం వెళ్ళలేదు. వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు. "కానివ్వు" అన్నాడు కుర్మయ్యకు కనబడేలా తల ఊపి.

కుర్మయ్య జంగమ్మకు సైగ చేశాడు. ఆమె ఒక్కొక్క గుంజ పచ్చరునూ గోరంత వెనక్కి కొడుతూ వరుసగా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది, మళ్ళీ గోరంత. అతను ఆమె వెంట గుంజ గుంజకూ మొహం ఆనిస్తూ నడిచాడు. ప్రతి చుట్టుకూ గుంజల స్వరం ఒక మెట్టు దిగుతోంది. ఆరూ సమానంగా దిగుతున్నాయి, ఏదీ తొందరపడటం లేదు. మూడో గుంజ దగ్గర పార్వతీదేవి పుల్ల ఆనించే ఉంది. నాలుగో చుట్టులో ఆమె కళ్ళు తెరిచింది.

"ఏమీ లేదు. ఇందాక ఉన్నది ఇప్పుడు లేదు."

కుర్మయ్య ఆమె పెదవులు చూశాడు. ఆమెను గడ్డరు కొస ఆనిన దిమ్మె దగ్గరకు రమ్మన్నాడు. నల్లరాతి బండ మీద పుల్ల ఆనించమని చూపించి, గడ్డరును సుత్తెతో ఒక్కసారి తట్టాడు. ఆమె అలాగే బండకు మొహం ఆనించి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు ఉండిపోయింది. బరువు ఇటు వచ్చిందా అని అడగవలసిన పని లేకపోయింది.

పోట్లన్నీ దించి ట్రాలీలో వేస్తున్నప్పుడు వెంకటేశ్వరరావు వాకిట్లోకి వచ్చాడు. కుర్మయ్య వీపు అటు తిప్పి తాడు కడుతున్నాడు. వెంకటేశ్వరరావు రెండు మూడు మాటలు చెప్పి, జవాబు రాకపోయేసరికి ఆగి, జంగమ్మవైపు తిరిగి అవే మాటలు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

కుర్మయ్య ముడి వేసి ఇటు తిరిగాడు. "ఏమన్నడు సారు?"

జంగమ్మ అతని చెవికి నోరు ఆనించి అరిచింది. "కౌకూర్ల వాళ్ళ దోస్తు ఇల్లున్నదంట! గోడ తియ్యాల్నంట! నీకు చెవులు లేవని ముందుగాలనే చెప్పి, గప్పుడు పిలుస్తడంట!"

"చెప్పినంక గూడ వాళ్ళు పిలుస్తరా?"

"నాకేమెర్క! పిలవకుంటే పాయె. దాచుకుంట తిరుగుడు నాతోని ఇగ గాదు."

కుర్మయ్య తాడు ముడిని ఒకసారి లాగి చూశాడు. తలూపి, ట్రాలీలో గుంజల మీదికి ఎక్కి కూర్చున్నాడు. జంగమ్మ పచ్చర్ల సంచి అతని ఒళ్ళో పడేసి పక్కన కూర్చుంది. "కౌకూర్ల ఇల్లు ఎన్ని దంతెలది, అడిగినవా?" అన్నాడు.

"నువ్వే పోయి అడుగు" అంది ఆమె. ఆ మాట అతనికి వినబడలేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు.